బల్లకు అటూ ఇటూ

పెళ్ళిచూపులకీ ఇంటర్వ్యూకీ పెద్ద తేడా లేదండీ. రెంటికీ అరువు చీరే! 1983లో నా మొదటి ఇంటర్వ్యూకి మా వదిన వెంకటగిరి చీర కట్టుకుని, అమ్మ పెట్టిన పెరుగూ పంచదారా నోట్లో వేసుకుని బయల్దేరాను. దేశాల రాజధానులూ, కేంద్రమంత్రుల పేర్లూ కంఠతా పట్టాను. ఒక్కటీ అడగలేదు. బల్లకి అటువైపున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "పెళ్ళయితే వుద్యోగం మానేస్తావా అమ్మా?" అన్నారు.

"అసలు పెళ్ళి వుద్దేశమే లేదండీ!" అనేశాను. అప్పటికే మాఘమాసంలో ముహూర్తం పెట్టేశారు!

వుద్యోగమూ వచ్చింది, పెళ్ళీ అయింది. సెలవు చీటీలో "కుటుంబ కార్యం" అని రాసి, తిరిగొచ్చాక నెల్లాళ్ళు సూత్రాలు రవికెలో దాచుకున్నాను. మట్టెలు మాత్రం దాగలేదు. ఆఫీసు ఆయా పట్టేసింది.

నాదాకా ఎందుకు? 1949లో మన విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మగారినే ఇంటర్వ్యూ బోర్డు వారు నిరుత్సాహపరిచారు. ఆ సర్వీసులో ఆడవాళ్ళు పెళ్ళాడాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనే నిబంధన వుండేది. ఆవిడ కోర్టుకెక్కారు. 1979లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు అటువంటి నిబంధనలను తూర్పారబట్టారు. నా ఇంటర్వ్యూనాటికి ఆ తీర్పు వచ్చి నాలుగేళ్ళు. ఆ సంగతి నాకూ తెలీదు, ఆ పెద్దాయనకీ తెలిసినట్టు లేదు.

2015 వచ్చేసరికి బల్లకి అటువైపు నేనే కూర్చున్నాను. ఒకమ్మాయి వచ్చింది. "మీ బలహీనత ఏమిటి?" అంటే, "పని మొదలెడితే వదలనండీ" అంది. అందరూ చెప్పేదే! దరఖాస్తులో రెండేళ్ళ పాప వుందని చూశాక నా నోరు వూరుకోలేదు. "పాపని ఎవరు చూస్తారమ్మా?" అనేశాను.

"మా అత్తగారండీ!" అంది, తడుముకోకుండా.

ఆ తొందర నాకు తెలుసు. నా "వుద్దేశమే లేదండీ" కూడా అలాగే వూడిపడింది. అంతకుముందు వచ్చిన అబ్బాయికి ఇద్దరు పిల్లలు. ఆ మాట అతన్ని అడగాలని నాకు తోచనేలేదు!

మర్నాటి నుంచి ఆ ప్రశ్న కొట్టేశాను. ఆడా మగా అందరినీ ఒకటే అడిగాను: "మీ చేతుల్లో పాడయి, మళ్ళీ మీరే బాగుచేసిన పని ఒకటి చెప్పండి." బట్టీ పట్టి వచ్చినవాళ్ళు నీళ్ళు నమిలారు. పనిచేసినవాళ్ళు కుర్చీ ముందుకి జరుపుకుని మరీ చెప్పారు. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకి నా సలహా కూడా అదే. అలాంటి కబుర్లు రెండు మూడు ముందే జ్ఞాపకం చేసుకుని వెళ్ళండి.

ఆ అమ్మాయికి వుద్యోగం వచ్చింది. మొదటి జీతం అందుకున్న రోజు కోవా పట్టుకొచ్చి, "మేడమ్, నాకు అత్తగారు లేరండీ. పక్కింటి పిన్నిగారు చూస్తున్నారు" అంది, తల వంచుకుని.

"ఫరవాలేదులే. నాకూ అప్పటికే ముహూర్తం పెట్టేశారు" అన్నాను.

పాపం, ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!