నీడలో దాగిన అయిదు

2012 సెప్టెంబరు 12 నాటి సభకు ఆపిల్ సంస్థ పంపిన ఆహ్వానపత్రికలో 12 అన్న సంఖ్య నిలిచి ఉన్నది. దాని నీడ మాత్రం 5గా పడింది. ఐఫోన్ 5 రానున్నదని అభిమానులు తేల్చారు, వచ్చింది. కొందరు దీనిని ధ్వని అంటారేమో కాని, నాకది పొడుపుకథ. 2013 నాటి రంగురంగుల వలయాలూ అంతే. ఐఫోన్ 5సి రాగానే వాటి పని తీరిపోయింది. సూరన రాఘవపాండవీయంలో రెండవ కథ అందిన తరువాతనే అసలు పఠనం మొదలవుతుంది.

అయినా, ఒక నీడను అంత శ్రద్ధగా చదివిన కుర్రవాళ్ళను తలచుకుంటే, ఏళ్ళ తరబడి శ్లేష బోధించిన నాకు అసూయే. అడగకుండా రెండవ అర్థం వెదికిన విద్యార్థులు నాకెందరు దొరికారు గనుక! 2015లోనైతే, సూచన కావాలంటే సిరినే అడగమన్నది ఆహ్వానపత్రిక. అక్కడ మాత్రం నాకు పరీక్షల గైడు పుస్తకాలు గుర్తుకు వచ్చాయి.