అవ్వ చెప్పిన ఏడు

"పేపరోళ్లు వార్త రాసేముందు నలుగుర్ని అడుగుతారు. మీరూ మన ఊరి పోడు గురించి అడిగి రాసుకురండి" అని ఐదో తరగతి పిల్లలకు చెప్పాను.

ఒక పాప వాళ్ల చేను గురించి పక్కింటి అవ్వను అడిగింది. అవ్వ కోయలో చెప్పింది. పాప ఆ కోయ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చింది. నేను ఎర్రపెన్నుతో కొట్టేసి, తెలుగులో రాయమన్నాను. మర్నాడు "మా తాత చాలా ఏళ్ల కిందట పోడు కొట్టాడు" అని రాసి తెచ్చింది. అక్షరం తప్పు లేదు. బాగుందని టిక్కు పెట్టాను.

సాయంత్రం అది అవ్వకు చదివి వినిపించాం. "నేనట్లా ఎక్కడన్నాను? పెద్ద గోదారి వచ్చిన ఏడు వీళ్ల తాత ఆ చేలో జొన్న వేశాడు, నేను కలుపు తీశాను అన్నా" అంది కోయలో.

పెద్ద గోదారంటే 1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. అవ్వ ఏడు చెప్పింది, కళ్లారా చూశానని చెప్పింది. ఆ రెండూ నా ఎర్రపెన్ను కింద పోయాయి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి ఆదివాసీల స్వాధీనంలో ఉండి, సాగు చేసుకుంటున్న అటవీ భూమికే హక్కు అడగొచ్చు. హక్కు అడిగేవాళ్లు కాక వేరే పెద్దలు చెప్పింది రాతలో పెడితే, నిబంధనల ప్రకారం అదీ సాక్ష్యమే. అదొక్కటే చాలదు, ఒకటికి మించి ఆధారాలుండాలి. "చాలా ఏళ్ల కిందట" అనే మాట మాత్రం ఎందుకూ పనికిరాదు.

తర్వాత బీటు ఆఫీసరునూ అడగమన్నాను. "ఆయన మనకు ఎదురు చెబుతాడు సారూ, ఆయన మాట మనకెందుకు?" అన్నాడొక పిల్లవాడు. "ఎదురు మాట వినకుండా రాస్తే మన మాట ఎవరు నమ్ముతారురా?" అన్నాను. వెళ్లొచ్చి, "అప్పట్లో అక్కడ పోడు లేదన్నాడు" అని రాశాడు. పక్కనున్నవాడు ఒప్పుకోలేదు. "కాదు సారూ, 'నేనొచ్చి మూడేళ్లే, అంతకుముందు సంగతి నాకు తెలీదు' అన్నాడు."

లేదనడం వేరు, తెలీదనడం వేరు. ఆ రోజు పాఠమంతా అదే అయింది.

ఇప్పుడు మా పిల్లలు ఎవరు చెప్పారు, చూసి చెప్పారా విని చెప్పారా అని ముందు రాస్తారు. తర్వాత వాళ్ల మాట వాళ్ల భాషలోనే రాసి, కింద తెలుగు రాస్తారు. చెప్పినవాళ్లకు చదివి వినిపించి, సరేనంటేనే ఉంచుతారు.

పాప అవ్వ మాటల్ని కొత్త పేజీలో మళ్లీ రాసి, వెళ్లి చదివింది. అవ్వ చివరిదాకా విని, "వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి?" అని అడిగింది.