నవనందుల దావ

మా నంద్యాల సీమలో బాటను దావ అంటాం. మా అవ్వ కార్తీక సోమవారం తెల్లవారుజామున నన్ను లేపి, "లెయ్ నాయనా, దావ పట్టల్ల" అనేది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపల నవనందులనే తొమ్మిది శివక్షేత్రాలనూ చూసి రావాలన్నది ఆచారం. నాకప్పుడు పదకొండేళ్లు. తెలుగుగంగ కాలువ పనులు 1983లో మొదలయ్యాయి. నేను చెప్పేది అంతకు కొన్నేళ్ల ముందు మాట.

నంద్యాల ఊళ్లో మూడు నందులు తొందరగా అయిపోయేవి. చామకాలువ గట్టున ప్రథమనంది, ఆంజనేయస్వామి గుళ్లో నాగనంది, ఆ తర్వాత సోమనంది. తూర్పున నల్లమల మీద పొద్దు కాస్త ఎక్కే వేళకు ఊరు దాటేవాళ్లం. ఆడవాళ్లు పది పన్నెండు మంది, ఇద్దరు ముసలివాళ్లు, నా ఈడు పిల్లలు నలుగురు. చెప్పులు ఎవరికీ ఉండేవి కావు. మొదట నల్లరేగడి చేలు. మంచుకు తడిసిన మన్ను అరికాళ్లకు పట్టుకుని అడుగడుగుకూ బరువెక్కేది. గట్టు రాయి కనబడితే కాళ్లు గీరుకుని మళ్లీ నడిచేవాళ్లం. తమ్మడపల్లె దగ్గర సూర్యనంది దాటి కొండవైపు సాగేకొద్దీ రేగడి పలచబడి ఎర్రమన్ను, గులకరాళ్లు వచ్చేవి. అడవి దగ్గరైందని కళ్లకంటే ముందు అరికాళ్లు చెప్పేవి. ఆ తెలివి నాకు బడిలో రాలేదు.

సద్ది విప్పేది ఒక చింతచెట్టు కింద. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, ఎర్రగడ్డ. అవ్వ ఆ చెట్టును సద్దిచింత అనేది. ఆ దావలో ఆమెకు పేరు లేని చోటు లేదు. వంక దాటే చోట పరిచిన బండకు ఒక పేరు, ఆడవాళ్లు కొంగులు దులుపుకునే మిట్టకు ఒక పేరు. ఏ పటంలోనూ లేని ఆ పేర్లలో ఇప్పుడు నాకు గుర్తున్నది ఒక్క సద్దిచింతే. మిగతావి అడిగి రాసుకోవాలన్న ఆలోచన రాకముందే అవ్వ పోయింది. ఈ బాధ నన్ను విడిచిపెట్టలేదు.

కడమలకాల్వ దగ్గర శివనందిని చూసుకుని, అక్కడినుంచి కృష్ణనందికి అడవి అంచునే పోయేవాళ్లం. టేకు, నల్లమద్ది, తునికి చెట్ల నడుమ మనిషి పట్టేంత దావ. పశువులు తొక్కి చేసిందే. మేపుకు కొండెక్కిన మందలు సాయంత్రం ఆ గీత మీదనే దిగేవి. మహానంది కథే ఒక ఆవు వెంట మొదలవుతుంది. మంద విడిచి అడవిలోకి పోయి పుట్ట మీద పాలు కురిపించే ఆవును, ఎక్కడికి పోతోందో చూద్దామని నందరాజు వెంబడించాడట. రాజును చూసి బెదిరిన ఆవు పుట్టను తొక్కితే, లింగం మీద గిట్ట ముద్ర పడిందంటారు. పక్కనే గోపవరమని ఊరుంది. ఆ కథ చెబుతూ అవ్వ నేల చూపించి, "ఈ దావన్నే పోయింటాది రా ఆ ఆవు" అనేది. నేను నమ్మాను. గిట్టల గుర్తుల్లో కాళ్లు పెట్టి నడిచాను.

దక్షిణాన గాజులపల్లె వైపు నుంచి రైలు కూత వచ్చేది. 1880లలో వేసిన ఆ మీటర్‌గేజి దారి బొగద సొరంగం, దొరబావి వంతెన మీదుగా నల్లమల దాటి గిద్దలూరుకు పోయేది. కూత వినగానే పెద్దవాళ్లు పొద్దెంతయిందో చెప్పుకుని అడుగు పెంచేవాళ్లు. 1990లలో పెద్దలైను పడ్డాక బండ్లు కొత్తదారి పట్టాయి. దొరబావి వంతెన మూలబడింది.

మహానంది చేరేసరికి అరటితోటలు, వాటి నడుమ సన్నటి కాల్వల్లో పరుగెత్తే నీళ్ల సద్దు. దావ తప్పినా ఆ సద్దును ఎదురెక్కి పోతే గుడి వస్తుంది. గరుడనంది, వినాయకనందులను చూసుకుని చివరికి కోనేట్లో దిగేవాళ్లం. అడుగున పడిన కాసు మీది అచ్చు పైనుంచే కనబడేంత తేట. అరికాళ్ల పగుళ్లలో ఇరుక్కున్న రేగడి ఆ నీళ్లలోనే కరిగేది. గాలికి చలి పుడుతున్నా నీళ్లు గోరువెచ్చగా ఉండేవి.

తెలుగుగంగ కాలువ కొండపాదం వెంబడి వచ్చింది. దాని మీద నాకు కోపం లేదు, కరువు సీమకు నీళ్లెంత అవసరమో చూసినవాణ్ణి. కానీ అది అడ్డుపడిన చోట పాత దావలు తెగిపోయాయి. మందలు తగ్గాయి, అడవిలో మేపు తగ్గింది. గుండ్లకమ్మ పుట్టే గుండ్లబ్రహ్మేశ్వరం అడవిని 1990లో అభయారణ్యం చేశారు. అదీ కావలసిందే. ఈమధ్య మహానంది గుడి దాపులకే చిరుతలు వస్తున్నాయి. పిల్లల్ని తీసుకుని ఆ అడవి అంచున నడవమని నేనెవరికీ చెప్పలేను. ఇప్పుడు కార్తీకంలో బస్సుల్లో, ఆటోల్లో తొమ్మిది నందులూ చుట్టి వస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అక్క కూడా అలాగే చూసి వచ్చింది, చాలా సంతోషపడింది.

పోయిన కార్తీకంలో నేనొక్కణ్ణే సద్దిచింతను వెతుక్కుంటూ పోయినాను. దొరికింది. ఒకవైపు కొమ్మలు నరికేశారు, కిందిదాకా చేను వచ్చింది. నేను నేలకేసి చూస్తూ తిరుగుతుంటే మందు కొడుతున్న యువకుడు దగ్గరికొచ్చి, "ఏం పోగొట్టుకున్నావు పెద్దాయనా?" అన్నాడు.

"ఈడ దావ ఉండేది," అన్నాను.

అతను చుట్టూ చూసి, తారురోడ్డు వైపు చెయ్యి చాపి, "దావ ఆడుంది," అన్నాడు. గట్టెక్కేదాకా తోడొచ్చాడు కూడా.