సున్న కూర్చున్న చోటు

మనకు అతి సులభమని తోచే విషయమే ఇతరులకు బోధించడానికి అతి కఠినమైనదని గత వేసవి సెలవులలో నాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది.

మాది జంపని. తెనాలి నుండి రేపల్లె వెళ్ళే రైలుమార్గంలోని పల్లె. అక్కడ మా అమ్మ ఒక చిన్న చిల్లర కొట్టు నడుపుతున్నది. ఆమెకు చదువు రాదు. అరువు పద్దులు వ్రాసే బాధ్యతను మూడవ తరగతి చదివే మనుమరాలికి, అనగా మా అక్క కుమార్తెకు అప్పగించింది. ఆ చిన్నారి ఆ పనిని ఎంతో గర్వంగా నిర్వహించేది.

ఒకనాడు నాట్లకు వెళ్ళే ఒక కూలీ స్త్రీ బాకీ తీర్చడానికి వచ్చింది. పుస్తకం చేతికి తీసుకొని, "వెయ్యి అయిదు రూపాయలు" అని నలుగురి ఎదుట చదివినవాడను నేనే. ఆమె ముఖం వెలవెలబోయింది. "నేను తీసుకెళ్ళింది నూట అయిదు రూపాయల సరుకే బూబమ్మా! వెయ్యి ఎక్కడిది?" అన్నది. అమ్మకు జ్ఞాపకమున్నది. నూట అయిదే. పొరపాటు అప్పటికప్పుడే సర్దుకున్నది. కాని నేను ఊరుకొనక, "మూడవ తరగతికి వచ్చి ఇంత మాత్రం తెలియదా?" అని పిల్లను అందరి ముందు గద్దించాను. ఆమె పెన్సిలు క్రింద పెట్టింది. మరునాడు కూడా ముట్టుకోలేదు.

ఆ రాత్రి పుస్తకమంతా తిరగవేశాను. వందలోపు పద్దులన్నీ నిర్దుష్టంగా ఉన్నాయి. వంద దాటినవే తప్పాయి. నూట అయిదు 1005; నూట ఇరవై 10020; రెండు వందల నలభై 20040. ఇవి అజాగ్రత్త వలన పుట్టిన తప్పులు కావు. అన్నింటి వెనుక ఒకే న్యాయమున్నది. 'నూట' అని వినగానే 100 వ్రాసింది. 'అయిదు' అని వినగానే ప్రక్కన 5 చేర్చింది. విన్నది విన్నట్లు వ్రాయమని మనమే కదా అక్షరాలు నేర్పేటప్పుడు చెప్పాము!

ఆలోచించగా మరొక సంగతి స్ఫురించింది. రోమన్ పద్ధతిలో నూరు గుర్తు ప్రక్కన అయిదు గుర్తు ఉంచితే నూట అయిదే అవుతుంది. ప్రాచీన బ్రాహ్మీ అంకెలలోనూ పదికి, నూరుకు వేరు గుర్తులుండేవి. స్థానాన్ని బట్టి అంకె విలువ మారడం, ఖాళీ స్థానాన్ని సున్న కాపాడడం మానవజాతి శతాబ్దాల కృషితో సాధించిన విజయం. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో చేసే లెక్కలకు సూత్రాలు చెప్పాడు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలను వివరిస్తూ గ్రంథం వ్రాశాడు. మన శూన్యమే అరబ్బీలో 'సిఫ్ర్' అయింది. ఉర్దూలో నేటికీ అదే మాట. ఇంతటి విషయాన్ని ఎనిమిదేళ్ళ పిల్ల తనంత తానుగా గ్రహించలేదని నేను ఆగ్రహించాను!

మరునాడు క్షమాపణగా ఈనెపుల్లలు ముందు వేసుకొని కూర్చున్నాను. పదేసి పుల్లలను దారంతో కట్ట కట్టాము. పది కట్టలను కలిపి ఒక మోపు చేశాము. కట్టింది ఆమే. పది ఒకట్లు ఒక పది అవుతాయని, పది పదులు ఒక వంద అవుతాయని చేతులకు తెలిసిన తరువాతనే మనస్సుకు తెలుస్తుంది. మూడు మోపులు, అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు పెట్టి ఎన్ని అని అడిగాను. ఇంటి భాషలో "తీన్ సౌ బావన్" అన్నది. 'బావన్'లో అయిదు పదులు, రెండు ఒకట్లు చెవికి స్పష్టంగా వినిపించవు. తెలుగులో "మూడు వందల యాభై రెండు" అనమన్నాను. అనగానే ఆమె వేలు మోపుల మీది నుండి కట్టల మీదికి, కట్టల నుండి పుల్లల మీదికి నడిచింది.

తరువాత కాగితపు ముక్కల మీద 300, 50, 2 వ్రాసి, కుడి అంచులు కలిసేటట్లు ఒకదానిపై ఒకటి పేర్చాము. 352 కనిపించింది. 100 మీద 5 ఉంచితే 105 వచ్చింది. చివరి సున్న 5 క్రింద దాగింది.

"నడుమ సున్న ఎందుకు మామూ? కట్టలు లేవు కదా!" అన్నది.

నిజమైన ప్రశ్న అది. కొంతసేపు ఆలోచించి, "తెనాలి రైలులో కిటికీ ప్రక్క సీటు మీద తువ్వాలు వేస్తారు, చూశావా? మనిషి లేడు. కాని ఆ చోటులో మరొకరు కూర్చోరాదు. సున్న ఆ తువ్వాలు. అది తీసివేస్తే ఒకటి వందల చోటు వదిలి పదుల చోటులోకి జరుగుతుంది. నూట అయిదు పదిహేనైపోతుంది" అన్నాను. ఆమె 105లోని సున్నను చేతితో మూసి, "పదిహేను" అని, చేయి తీసి, "నూట అయిదు" అని నవ్వింది.

వారం తరువాత ఆ కూలీ స్త్రీ మళ్ళీ కొట్టుకు వచ్చింది. సరుకు రెండు వందల ఏడు రూపాయలైంది. పిల్ల పుస్తకం తీసి 207 వ్రాసి, ఎవరూ అడగకుండానే ఆమెకు చూపి, "రెండు వందలు, పదులు లేవు, ఏడు" అని చదివి వినిపించింది. ఆమె, "నువ్వు వ్రాస్తే చాలు తల్లీ" అన్నది.

ఒక సున్న ఎక్కువైతే పేదవాని ఇంట నిద్ర కరువవుతుంది. ఒక గద్దింపు ఎక్కువైతే పసివాని చేతిలోని పెన్సిలు జారిపోతుంది. ఈ రెండు లెక్కలనూ ఆ సెలవులలో నేర్చుకొన్నవాడను నేనే.