లెక్క తెలిస్తే చాలునా?

షుగరు రాకముందే బరువు తగ్గమని నిరుడు డాక్టరు మా దంపతులిద్దరికీ చెప్పారు. యాభై దాటినవాళ్లం, భయపడ్డాం. ఫోనులో క్యాలరీల లెక్క మొదలుపెట్టాం. పిండిపదార్థానికి గ్రాముకు 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9. మూడు నెలల్లో చెరో మూడు కిలోలు తగ్గాం. ఆ గర్వంతోనే ఒక ఆదివారం బుద్ధవందన తర్వాత బస్తీ మహిళలకు అదే లెక్క బోధించాం.

ఇళ్లలో పనిచేసే ఒక చెల్లెలు మధ్యలోనే లేచింది. "పొద్దుగాల ఉత్త చాయే. నాలుగింటికి ఇంటికొచ్చి ఇంత తింట. రాత్రి ఆకలి ఆగదు, కడుపునిండ కంట్రోల్ బియ్యం అన్నమే. తక్కువ తినుడు మాకు కొత్తగా నేర్పాల్నా అన్నా?"

మాకు జవాబు దొరకలేదు.

న్యాయశాస్త్రం చదివినందుకు మాకు తోచిందిది: లెక్క సాక్షి మాత్రమే, తీర్పు కాదు. ఒంటికి ఖర్చయ్యే దానికన్నా తక్కువ తింటే బరువు తగ్గుతుంది. ఈ సాక్ష్యం అబద్ధం కాదు. కానీ మనిషి ఎందుకు ఎక్కువ తిన్నాడో అది చెప్పదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు తాజా దినుసులతో వండిన తిండి పెట్టారు. వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. ఇష్టమైనంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. మనుషులు వాళ్లే, మారింది కంచంలోని తిండి. పైగా బరువు తగ్గేకొద్దీ శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. నాలుగో నెలలో మా ముల్లూ కదలలేదు.

సంయుత్త నికాయలో కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణమంత అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరకు వస్తాడు. బుద్ధుడు మితాహారం గురించి ఒక గాథ చెబుతాడు. రాజు సుదర్శనుడనే యువకుణ్ణి నియమించి, రోజుకు నూరు కహాపణాలిచ్చి, భోజనవేళ ఆ గాథ వినిపించమంటాడు. క్రమంగా నాళి అన్నానికి దిగుతాడు, ఒళ్లు తేలికవుతుంది. అక్కడ కొలత ఉంది. కొలతను గుర్తుచేసే మనిషి కూడా ఉన్నాడు.

మా చెల్లెలికి నూరు కహాపణాలెక్కడివి? అందుకే పనికి పోయే మహిళలు ఇద్దరిద్దరు జతకట్టారు. పది గంటలకు డబ్బాలోని గుగ్గిళ్లు తిన్నావా అని ఒకరినొకరు అడుగుతారు. అంతసేపు కూర్చోనివ్వమని యజమానులతో మేము మాట్లాడుతున్నాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకా లేదు.

ఇప్పుడు బస్తీలో ఎవరినీ బరువెంత అని ముందుగా అడగడం లేదు. ఎన్నింటికి తిన్నావమ్మా అని అడుగుతున్నాం.