రాసుకోని మాట

నాన్న పోయాక ఆయన 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని నాకు మిగిలింది. అమ్మేయమని అందరూ చెప్పారు. నేను నడుపుతానన్నాను. 2023 వేసవిలో అది మొరాయించడం మొదలుపెట్టింది. విజయవాడలో బయల్దేరితే మంగళగిరి దాటేదాకా బాగానే ఉండేది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయేది. ఎంత తాళం తిప్పినా స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. అరగంట చెట్టు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఒక్కసారీ ఆగదు. "బండి బంగారంలా ఉంది మేడమ్. మీరే చోక్ ఎక్కువ లాగుతున్నట్టున్నారు. ఈసారి సార్‌ని పంపండి" అన్నాడు మెకానిక్. మూడు షెడ్లలో ఇంచుమించు ఇదే మాట. పంపడానికి మా ఇంట్లో సార్ ఎవరూ లేరు.

ఇలాంటి మాట ఇంతకుముందే విన్నాను. నాన్న పోయినప్పటినుంచీ అమ్మ "ఉన్నట్టుండి కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయే" అంటోంది. రెండుసార్లు పడిపోయింది కూడా. ఆస్పత్రికి వెళ్ళేసరికి బీపీ, ఈసీజీ అన్నీ మామూలే. "దిగులమ్మా, గుడికి వెళ్తుండండి" అని పంపేశారు. నేనూ తలూపి వచ్చాను.

బండికి మాత్రం ఒక నోటు పుస్తకం పెట్టాను. తేదీ, టైము, ఎన్ని కిలోమీటర్లకి ఆగింది, ఎంతసేపటికి స్టార్టయింది. పన్నెండుసార్లు రాశాక, ఇంజను బాగా వేడెక్కాకే ఆగుతోందని తేలింది. ఎండాకాలం పాత పద్మినిల పెట్రోలు పంపులో ఆవిరి పట్టేయడం మామూలే. పంపు మీద తడిగుడ్డ వేస్తే సర్దుకుంటుంది. వేశాను, లాభం లేకపోయింది. మళ్ళీ ఆగినప్పుడు అమ్మని స్టీరింగు ముందు కూచోబెట్టాను. ఒక ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ఇంజనుకి ఆనించి తాళం తిప్పమన్నాను. రవ్వ రాలేదు. అంటే తేడా పెట్రోలుది కాదు, కరెంటుది. కండెన్సరు మార్చాను. అయినా ఆగింది. ఈసారి తడిగుడ్డ ఇగ్నిషన్ కాయిల్ మీద కప్పాను. పది నిమిషాల్లో రవ్వ పడింది. పాడైన కాయిల్ వేడికి పనిచేయడం మానేస్తుంది, చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది. షెడ్డు నీడలో దొరకనిది అందుకే. కొత్త కాయిల్ వేశాక బండి ఆగలేదు.

ఆ రాత్రి పుస్తకాన్ని వెనకనుంచి తిప్పి అమ్మ పేరు రాశాను. ఆరు వారాల పట్టీని వేరే డాక్టరు ముందు పెట్టాం. ఆవిడ ప్రతి గీతా చదివి హోల్టర్ పెట్టించారు. మొదటి 24 గంటల్లో ఏమీ దొరకలేదు. రెండోసారి వారం రోజులు పెడితే, గుండె నాలుగు సెకన్లు ఆగిన సంగతి పట్టుబడింది. పేస్‌మేకర్ వేశారు.

వచ్చీపోయే జబ్బు చూసేవాళ్ళ ఎదుట రాదు. దాన్ని చూసేది అనుభవించే మనిషే. స్త్రీల మాటని సాక్ష్యంగా తీసుకోవాలని క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని. మెకానిక్‌ని తిట్టుకున్నాను గానీ, ఆస్పత్రిలో తలూపింది నేనే. బండికి నోరు లేదు గనుక దాని తరఫున అన్నీ రాశాను. అమ్మ నోరు తెరిచి ఏడాదిపాటు చెప్పింది. ఒక్క ముక్క రాసుకోలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది. తనే రాసుకుంటోంది.