అరటిగెల ఈగలు, కాపీ-పేస్ట్ జన్యువులు

మొన్న సంక్రాంతికి కూచిపూడి వెళ్తే, వసారాలో వేలాడదీసిన అరటిగెల చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి. అమ్మ విసనకర్రతో తోలుతూ "వీటి మీద కూడా రీసెర్చి చేస్తార్రా?" అంది. చేస్తారు, వందేళ్ళ పైనుంచీ. పేరు డ్రోసోఫిలా.

కోడ్ రాసేవాళ్ళకి వీటి కథ తెగ నచ్చాలి. కొత్త జన్యువు ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలావరకు కాపీ-పేస్టే :) ఒక కాపీ పాత పని చూసుకుంటుంటే, రెండోదానికి ప్రయోగాలు చేసే తీరిక దొరుకుతుంది. 1993లో లాంగ్, లాంగ్లీ అనే ఇద్దరు ఆఫ్రికా ఈగల్లో 'జింగ్‌వే' అనే జన్యువు గుట్టు విప్పారు. ఆల్కహాల్‌ని అరిగించే జన్యువు కాపీ వెళ్ళి ఇంకో జన్యువు కాపీలో దూరి, రెండూ కలిసి ఒకటయ్యాయి. ఎలా తెలిసిందంటారా? ఆ ఆల్కహాల్ ముక్కలో ఇంట్రాన్లు లేవు. అంటే ఆర్‌ఎన్‌ఏ దశలో అవి కత్తిరించేశాక, తిరిగి డిఎన్‌ఏలోకి చేరిందన్నమాట. కామెంట్లు లేని కోడ్ చూసి 'ఇది ఎక్కణ్ణుంచో లేపిందే' అని మనం పట్టుకోమూ, అలాగే. 2006లోనైతే ఏ కాపీ కాకుండా, ప్రోటీన్‌తో సంబంధమే లేని డిఎన్‌ఏలోంచి పుట్టినవీ దొరికాయి.

అసలు గొడవ వేరే. కొత్తదాన్ని పీకేస్తే ఏమవుతుంది? 2010లో లాంగ్ బృందం 195 కొత్త జన్యువుల్ని ఒక్కొక్కటే నొక్కిపెట్టి చూస్తే, దాదాపు 30 శాతం విషయంలో ఈగ ఎదగకుండానే చచ్చిపోయింది. పాతవాటి లెక్కా కాస్త అటూఇటూగా అంతే!

ఇది చదివి నాకు చెమట పట్టింది. ఒకప్పుడు పనిచేసిన చోట, ఎవరో కాపీ కొట్టిన ఫంక్షన్ ఒకటి, ఏడాది వయసుది, 'అనవసరం' అని తీసేశా. ఆ రాత్రి జీతాల బ్యాచ్ ఆగిపోయింది. నింద పక్క సీట్లో కాంట్రాక్టు కుర్రాడి మీదకి పోయింది. నేను నోరు విప్పలేదు.

2017లో క్రిస్పర్‌తో పూర్తిగా తీసేసి చూసినవాళ్ళు మాత్రం, కొత్తవాటిల్లో ప్రాణావసరమైనవి అరుదు, ఎక్కువ మగ ఈగల పనులకే అన్నారు. లాంగ్ వర్గం ఒప్పుకోలేదు. పద్ధతి చూస్తే నాకు 2017 వాళ్ళ మీదే గురి. కానీ మా ఊరి నాట్యం సంగతేంటి? ఒకప్పుడు ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు. వెంపటి చినసత్యం గారు మద్రాసులో ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. ఇవాళ వాళ్ళని తీసేసి చూడండి!

అమ్మకి ఈగల సంగతి చెప్తే, "ఆ కుర్రాడి ఉద్యోగం ఉందా?" అనడిగింది. తెలీదు. నంబరు ఇంకా ఫోన్లో ఉంది.